ఇద్దరు అప్పలమ్మలు

దక్షిణాఫ్రికాలోని మన తెలుగు కుటుంబాల్లో ఎవరైనా తమ పెద్దల వివరాలు వెతకడం మొదలుపెడితే పేరు తొందరగానే దొరుకుతుంది. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. ఒకసారి దొరకాల్సిన పేరు పదిసార్లు దొరుకుతుంది.

మా ముత్తాత పేరు అప్పలస్వామి. ముత్తవ్వ పేరు అప్పలమ్మ. నాటాల్‌కు వచ్చిన ఓడల జాబితాలు తెరిస్తే ఈ రెండు పేర్లూ మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. అంతమంది అప్పలమ్మల్లో మా అప్పలమ్మ ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ తెలుసుకున్న సంగతులు మీతో చెప్పాలని ఇది రాస్తున్నాను. ఇందులో కాగితాల సంగతి కొంత, మా ఇంటి సంగతి కొంత, మన భాష సంగతి కొంత ఉంది.

1860 నవంబర్ 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకు చేరింది. అప్పటి నుంచి 1911 వరకు 1,52,000 మందికి పైగా భారతీయులు ఒప్పందం మీద పని చేయడానికి నాటాల్‌కు వచ్చారు. వాళ్ళలో ఎక్కువమంది ఓడ ఎక్కింది మద్రాసులోనే. తెలుగువాళ్ళు విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి వచ్చారు. ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి కూడా వచ్చారు. ఇప్పటి చిత్తూరు ప్రాంతం అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది.

ఓడ ఎక్కే ప్రతి మనిషి వివరాలూ పెద్ద పుస్తకంలో ఒక వరుసలో రాసేవారు. ఒక అంకె, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. ఇంటిపేరు రాయడానికి మాత్రం చోటు లేదు.

ఇంటిపేరు అంటే మన పేరుకు ముందు వచ్చే వంశం పేరు. ఆ ఒక్క మాట రాసి ఉంటే మన పని సగం తగ్గేది. అది లేకపోవడంతో ఇక్కడ పుట్టిన పిల్లలకు తండ్రి పేరో, నాయుడు, రెడ్డి లాంటి కులం మాటో ఇంటిపేరుగా మారింది. అందుకే ఈరోజు ‘అప్పల్‌సామీ’ అనే ఇంటిపేరున్న రెండు కుటుంబాలు డర్బన్‌లో పక్కపక్క వీధుల్లో ఉన్నా, వాళ్ళు చుట్టాలే అని చెప్పలేం. ఇద్దరు వేరువేరు అప్పలస్వాముల మనవలు కావచ్చు.

ఇంతకీ అంతమంది అప్పలస్వాములు ఎలా వచ్చారు? విశాఖపట్నం దగ్గర సింహాచలం కొండ మీద నరసింహస్వామి గుడి ఉంది. అక్కడి జనం ఆ స్వామిని ప్రేమగా ‘అప్పన్న’ అంటారు. పిల్లలు కలగాలని మొక్కుకునేవాళ్ళు, పుట్టిన బిడ్డకు ఆ పేరే పెట్టుకునేవాళ్ళు. అప్పన్న, అప్పడు, అప్పలస్వామి, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలమ్మ, అప్పలనరసమ్మ, సింహాచలం, సింహాద్రి, నరసింహులు – ఇవన్నీ ఆ ఒక్క స్వామి పేర్లే. విజయనగరంలో పైడితల్లి అమ్మవారు ఉంది కాబట్టి పైడయ్య, పైడిరాజు, పైడమ్మ ఉన్నారు. అనకాపల్లిలో నూకాలమ్మ ఉంది కాబట్టి నూకయ్య, నూకరాజు, నూకమ్మ ఉన్నారు. మీ ముత్తవ్వ పేరు పైడమ్మ అయితే, ఆమె ఊరు మీకు తెలియకపోయినా ఏ వైపు వెతకాలో ఆ పేరే కొంత చెబుతుంది.

దీనికి తోడు ఇంకో ఆచారం ఉంది. మనవడికి తాత పేరు, మనవరాలికి అవ్వ పేరు పెట్టడం. నలుగురు అన్నదమ్ములు ఉంటే నలుగురి ఇళ్ళలోనూ తాత పేరున్న పిల్లవాడు ఒకడు ఉంటాడు. ఒక బిడ్డ చిన్నప్పుడే పోతే, తరువాత పుట్టిన బిడ్డకు అదే పేరు పెట్టిన ఇళ్ళూ ఉన్నాయి. ఇంట్లో వాళ్ళకు ఇందులో తికమక ఏమీ ఉండేది కాదు. పెద్దోడు, చిన్నోడు, నల్లోడు, పొట్టోడు అని పిలుచుకునేవారు. పైగా కోడలు అత్తమామల పేర్లు పలకకూడదు, భార్య భర్త పేరు పలకకూడదు. అత్తగారి పేరున్న తన కూతురిని కూడా కోడలు ఆ పేరుతో పిలిచేది కాదు, ‘పాపా’ అనో ‘బుజ్జీ’ అనో పిలిచేది. పేరు కాగితం మీద ఉండేది. ఇంట్లో వినిపించేది వరస మాత్రమే. వరస అంటే అత్త, పిన్ని, బావ, వదిన లాంటి చుట్టరికం మాట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

మా ముత్తాత ఎవరో తేల్చడం అంత కష్టం కాలేదు. ఒప్పందం పూర్తయ్యాక ఆయనకు ఇచ్చిన కాగితాన్ని మా మేనత్త ఒక బిస్కెట్ డబ్బాలో దాచి ఉంచింది. దాని మీద ఆయన అంకె ఉంది. నాటాల్‌కు వచ్చిన ప్రతి మనిషికీ ఇలాంటి అంకె ఒకటి ఇచ్చేవారు. పని చేసినా, పెళ్ళి చేసుకున్నా, పిల్లలు పుట్టినా, చనిపోయినా ఆ అంకెనే పుస్తకాల్లో రాసేవారు. ఆ రోజుల్లో మనిషిని అంకెగా చూడటం అవమానమే. కానీ ఒకే పేరున్న పదిమందిలో మన మనిషిని పట్టిచ్చేది కూడా ఇవాళ ఆ అంకె ఒక్కటే.

అంకె లేనివాళ్ళు ఏం చేయాలని మీరు అడగవచ్చు. అప్పుడు తండ్రి పేరు చూడాలి, తరువాత ఊరు చూడాలి. వయసును మాత్రం నమ్మకండి, అది గుమాస్తా చూసి వేసిన అంచనా. పేరు రాసిన తీరును కూడా పట్టించుకోకండి. గుమాస్తా తన చెవికి ఎలా వినిపిస్తే ఇంగ్లీషులో అలా రాశాడు. ఒకే మనిషి ఒక చోట ‘అప్పలసామి’, ఒక చోట ‘అపల్‌సామి’, మరో చోట ‘అపిల్‌సామి’ అవుతాడు. పైకి చదివి చూడండి. కంటికి తెలియనిది చెవికి తెలుస్తుంది. వరుస చివర ‘ఇండియాకు తిరిగి వెళ్ళాడు’ అనో ‘చనిపోయాడు’ అనో రాసి ఉంటే అది కూడా చూసుకోండి. మీ తాత పుట్టకముందే తిరిగి వెళ్ళిపోయిన మనిషి మీ ముత్తాత కాలేడు. అలా ఒక్కొక్కరిని పక్కన పెడుతూ పోవాలి.

జిల్లా పేరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. పుస్తకంలో విశాఖపట్నం జిల్లా అని ఉంటే, ఆ ఊరు ఇప్పుడు అదే జిల్లాలో ఉంటుందని అనుకోకండి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. 2022లో అనకాపల్లి, పార్వతీపురం మన్యం జిల్లాలు వచ్చాయి. బొబ్బిలి ఇప్పుడు విజయనగరం జిల్లాలో, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి.

ముత్తాత వరుస దొరికింది. దాని కింది వరుసలోనే, తరువాతి అంకెతో, ఆయన భార్య అప్పలమ్మ ఉంది. వయసు ఇరవై లోపు. నుదుటి మీద చిన్న మచ్చ. ఇద్దరిదీ ఒకే ఊరు, బొబ్బిలి వైపు. వాళ్ళు వచ్చింది 1890ల్లో. నాకు చాలా సంతోషం కలిగింది. ముత్తవ్వ దొరికిందని మేనత్తకు ఫోన్ చేసి చెప్పాను. ఆవిడకు ఎనభై ఐదేళ్ళు దాటాయి. ఆవిడ పేరు కూడా అప్పలమ్మే, అవ్వ పేరు పెట్టారు.

అత్త వెంటనే ఏమీ అనలేదు. కాసేపు ఆగి, ‘మా అవ్వ మొగుడితో రాలేదమ్మా. ఒక్కతే ఓడెక్కింది. అనకాపల్లి పక్క ఊరు ఆవిడది. ఆ కథ నాకు ఎన్నిసార్లు చెప్పిందో’ అంది.

మా ఇంట్లో ఈ రెండు కథలూ ఎప్పటినుంచో ఉన్నాయి. అవ్వ మొగుడితో కలిసి వచ్చిందని మా చిన్నాన్న పిల్లలు అంటారు. ఒక్కతే వచ్చిందని అత్త అంటుంది. ముసలివాళ్ళ జ్ఞాపకం అంతే, ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారని అందరూ సరిపెట్టుకున్నారు.

తరువాత పెళ్ళిళ్ళ పుస్తకం చూశాను. ఒప్పందం మీద వచ్చినవాళ్ళు ఇక్కడ పెళ్ళి చేసుకుంటే దాన్ని ప్రొటెక్టర్ ఆఫీసులో రాయించాలి. ప్రొటెక్టర్ అంటే భారతీయ కూలీల వ్యవహారాలు చూసే అధికారి. ఆ పుస్తకంలో మా ముత్తాత అంకె ఉంది. ఆయన వచ్చిన కొన్నేళ్ళ తరువాత పెళ్ళి. పెళ్ళికూతురు పేరు అప్పలమ్మ. కానీ ఆమె అంకె వేరు, తండ్రి పేరు వేరు, ఓడ వేరు. ఆ ఓడ జాబితా తెరిచాను. ఒక్కతే వచ్చింది. అనకాపల్లి తాలూకా. గుర్తులు రాసే చోట ‘కుడి చేతి మీద పచ్చబొట్టు’ అని ఉంది.

అత్తకు మళ్ళీ ఫోన్ చేశాను. అవ్వ చేతి మీద ఏమైనా ఉండేదా అని మాత్రమే అడిగాను. ‘పచ్చబొట్టు. ఇక్కడ, కుడి చేతి మీద. నేను దాని మీద వేలుపెట్టి గీతలు లెక్కపెట్టేదాన్ని’ అంది.

ఇంకొక పుస్తకం మిగిలింది, మరణాలది. మొదటి అప్పలమ్మ అంకె అక్కడ ఉంది. ఉత్తర తీరంలోని చెరకు తోటలో చనిపోయింది. అప్పటికి పాతికేళ్ళు ఉంటాయేమో. జననాల పుస్తకంలో మా తాత పుట్టుక రాసిన చోట తల్లి అంకె చూశాను. అది మొదటి అప్పలమ్మదే. అంటే తాతను కన్నది ఒకరు, పెంచింది ఇంకొకరు. ఇద్దరి పేరూ ఒకటే కావడంతో నూరేళ్ళలో ఇద్దరూ మా ఇంట్లో ఒక్క మనిషి అయిపోయారు. తాత చనిపోయినప్పటి కాగితాల్లో ‘తల్లి: అప్పలమ్మ’ అని ఉంది. అందులో అబద్ధం లేదు. కానీ దాన్ని చదివిన ఎవరికీ ఇద్దరున్నారనే అనుమానం రాదు.

ఆ రోజుల్లో ఇలాంటిది అరుదేమీ కాదు. చెరకు తోటల్లో మగవాళ్ళ కంటే ఆడవాళ్ళు చాలా తక్కువ. భార్య పోయిన మగవాడికి చంటిబిడ్డ మిగిలితే, పొద్దు పొడవక ముందే పనికి వెళ్ళాల్సిన మనిషి ఆ బిడ్డను ఎవరి చేతిలో పెట్టి వెళ్తాడు? ఒంటరిగా వచ్చిన ఆడమనిషికీ ఒక నీడ కావాలి. ఇద్దరూ ఒక ఇల్లు కట్టుకున్నారు.

ఈసారి ఫోన్ చేయకుండా అత్త ఇంటికి వెళ్ళాను. కాగితాలు బల్ల మీద పరిచి, ఒక్కొక్కటీ చదివి వినిపించాను. అత్త అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అంది: ‘మా నాయన ఆవిణ్ణి అమ్మా అనేవాడు కాదు. పిన్నీ అనేవాడు. చివరిదాకా పిన్నీ అనే పిలిచాడు.’

మా ఇంట్లో అందరికీ ఆ మాట తెలుసు. పాత ఫొటో వెనక కూడా ఇంగ్లీషు అక్షరాల్లో ‘పిన్ని’ అని రాసి ఉంది. మా తరం వాళ్ళంతా అది ఆవిడ ముద్దుపేరు అనుకున్నారు. తెలుగులో పిన్ని అంటే తల్లి చెల్లెలు, లేదా చిన్నాన్న భార్య. తల్లి పోయాక తండ్రి మళ్ళీ చేసుకున్న భార్యను కూడా పిల్లలు పిన్నీ అనే పిలుస్తారు. సవతితల్లి అనే మాట ఉంది కానీ మనిషిని ఎదురుగా పెట్టుకుని ఎవరూ అలా పిలవరు. మా తాత తన జీవితమంతా రోజూ నిజమే చెప్పాడు. వినేవాళ్ళకు ఆ మాట అర్థం పోయి, శబ్దం మాత్రం మిగిలింది.

ఈ సంగతి మన పత్రికలో రాయాలనుకున్నది ఇందుకే. మనలో చాలామంది పెద్దయ్యాక తెలుగు నేర్చుకుంటున్నాం. నేర్చుకోవడం ఎందుకు, ఎవరితో మాట్లాడతాం అని పిల్లలు అడుగుతారు. ఒకే పేరున్న ఇద్దరిని ఇంగ్లీషులో ‘గ్రాండ్‌మదర్’ అన్న ఒక్క మాట విడదీయలేదు. ‘పిన్ని’ అన్న మాట విడదీసింది. అంకెలు దొరకకపోయినా ఆ ఒక్క మాట అర్థమైతే చాలు, ఇద్దరున్నారని ఎవరికైనా అనుమానం వచ్చేది.

ఇక మా ఇంట్లో ఒక పెద్ద ప్రశ్న మిగిలింది. సంక్రాంతికి మేము పెద్దలకు పెడతాం. అంటే చనిపోయినవాళ్ళ కోసం ఆకులో అన్నం వడ్డించి, కొత్త బట్టలు పెట్టి దణ్ణం పెట్టుకుంటాం. ముత్తవ్వకు ఎప్పుడూ ఒక్క ఆకే. చీర తెల్లది. పసుపు, కుంకుమ, గాజులు ఉండవు. ఎందుకంటే మా ఇంట్లో అందరికీ తెలిసిన అప్పలమ్మ ముత్తాత పోయాక చాలా ఏళ్ళు బతికింది. కానీ మొదటి అప్పలమ్మ భర్త ఉండగానే పోయింది. అలా పోయిన స్త్రీని మనవాళ్ళు పేరంటాలు అంటారు. ఆమెకు రంగు చీర, పసుపు, కుంకుమ, గాజులు, పూలు పెట్టాలి. ఇన్నేళ్ళుగా ఆమెకు అవేవీ అందలేదు. ఆమె పేరు పలుకుతూనే ఉన్నాం, కానీ ఆ పేరుతో పిలిచింది ఇంకొకరిని.

కొందరికి ఈ మాట నచ్చలేదు. ఇన్నేళ్ళ తరువాత ఎందుకు ఇదంతా అన్నారు. మా చిన్నాన్న ఒకాయన, ‘పేరు ఒకటే కదా, ఒక్క ఆకు చాలు, ఇద్దరికీ చెందుతుంది’ అన్నారు. ఆయన మాటలో భయం కూడా ఉంది. అవ్వ సొంత అవ్వ కాదని తేలితే, ఆవిడ మీద మనకున్న ప్రేమ తక్కువవుతుందేమో అని. ఆ రెండో అప్పలమ్మ కూరగాయల గంప మోసి, మా తాతను బడికి పంపింది. ఆమెకు తరువాత పుట్టిన పిల్లల పిల్లలు కూడా మాతోనే ఉన్నారు. వాళ్ళ మనసు ఎక్కడ నొచ్చుకుంటుందో అని నాకూ ఉంది.

అత్త మాటతో అది తేలిపోయింది. ‘పేరు ఒకటైతే ఆకలి కూడా ఒకటవుతుందా? రెండు ఆకులు వెయ్యండి’ అంది. తరువాత నా వైపు తిరిగి, ‘ఒకావిడ మా నాయన్ని కన్నది. ఒకావిడ నాకు తలకు నూనె రాసింది. నా పేరు ఇద్దరిదీ. ఎవరిదని అడక్కు’ అంది.

ఆ సంక్రాంతికి ఎర్రంచు పసుపుపచ్చ చీర ఒకటి, తెల్ల చీర ఒకటి కొన్నాం. వంశవృక్షంలో ఇద్దరి పేర్లూ పక్కపక్కనే రాశాను, అంకెలతో, తండ్రుల పేర్లతో, ఊళ్ళతో. ‘సొంత’, ‘సవతి’ అనే మాటలు రాయవద్దని అత్త చెప్పింది. ‘బొబ్బిలి అప్పలమ్మ’, ‘అనకాపల్లి అప్పలమ్మ’ అని రాశాను. మన పాత పద్ధతిలో ఒకే పేరున్నవాళ్ళను ఊరితో కలిపి పిలవడం ఎప్పుడూ ఉన్నదే.

ఓడల జాబితాల మూల పుస్తకాలు డర్బన్ ఆర్కైవ్స్‌వి. వాటి వివరాలను క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుతూలి డాక్యుమెంటేషన్ సెంటర్ ద్వారా చూడవచ్చు. చనిపోయినవారి ఆస్తి కాగితాలు పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. అవి ఎక్కడికీ పోవు, వచ్చే ఏడాది వెళ్ళినా అక్కడే ఉంటాయి. మన ఇళ్ళలోని పెద్దవాళ్ళ సంగతి అలా కాదు.

అందుకని ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ‘ఆవిడ పేరేమిటి?’ అనే ప్రశ్నతో ఆగిపోకండి. ఈ ప్రశ్నలు కూడా అడగండి: ఆవిణ్ణి మీరు ఏమని పిలిచేవారు? మీ నాయన ఏమని పిలిచేవాడు? మీ అమ్మ ఏమని పిలిచేది? వచ్చిన మాట మీకు అర్థం కాకపోయినా, చెప్పింది చెప్పినట్టే తెలుగులో రాసుకోండి. రెండు కథలు ఒకదానికొకటి పొసగకపోతే ఏదో ఒకటి కొట్టేయకండి. రెండూ ఉంచండి. మా ఇంట్లో రెండూ నిజమే అయ్యాయి.

అనకాపల్లి అప్పలమ్మ వరుసకు పై వరుసలో నూకమ్మ అనే ఇంకొక స్త్రీ ఉంది. అదే ఊరు, తండ్రి పేరు కూడా అదే. అక్కో, చెల్లో అయి ఉండాలి. అత్త చెప్పిన కథల్లో ఆమె లేదు. ఇప్పుడు నూకమ్మల జాబితా ముందేసుకుని కూర్చున్నాను. చాలామందే ఉన్నారు.